ఎవరైనా చదవొచ్చు

మా ఆయనకి పుస్తకాల కొట్టుందని తెలియగానే అందరూ అనే మాట ఒకటే. "అయితే మీకూ చదివే అలవాటు బాగా ఉండుంటుంది." లేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆ గుమ్మం తొక్కుతున్నాను గానీ, నా అంతట నేను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివిన పుస్తకాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసి రిటైరైనదాన్ని. ఇద్దరి మాటలూ కలిపి పక్కకి తప్పుకోవడమే నా ఉద్యోగం, మధ్యలో వినకూడదు. అలాంటిదాన్ని చివరికి ఆయనకి కళ్ళనయ్యాను. ఆ కళ్ళు ఏం చేశాయో చెప్పుకుందామనే ఈ కాగితాలు ముందేసుకున్నాను.

కొట్టు సన్నగా, పొడుగ్గా రైలుపెట్టెలా ఉంటుంది. ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకి తిరిగి పొట్ట లోపలికి పీల్చుకోవాల్సిందే. కుడిపక్కన తాళంచెవులు చేసే ఆయన, ఎడమపక్కన కళ్ళజోళ్ళ కొట్టు. ఆ కళ్ళజోళ్ళ కొట్టు మాట తలుచుకుంటే ఇప్పుడు నవ్వూ రాదు, ఏడుపూ రాదు. లోపల చివర ఒక కర్టెన్, దాని వెనక రెండు కుర్చీలు, ఒక స్టవ్వు, టీ గిన్నె. మా కాపురం సగం అక్కడే గడిచింది.

గుమ్మం పక్కనే నడుమెత్తు చెక్క అర ఒకటుంది. నలభై పుస్తకాలు పడతాయి. మా ఆయన దాన్ని కాలం అర అంటారు. ఏడాదికి మూడుసార్లు అందులో పుస్తకాలు మారతాయి. ఎండాకాలం వస్తే చిన్న కథలు. "ఎండలో మనిషికి ఓపికుండదోయ్. చెమట తుడుచుకునేలోపు అయిపోవాలి" అనేవారు. వానాకాలంలో లావుపాటి నవలలు, ఎందుకంటే బయటికి వెళ్ళే పని ఉండదు, పైగా వానరోజు ఎవరైనా కళ్ళు తుడుచుకుంటూ కనిపిస్తే ఎందుకని అడిగేవాళ్ళుండరట. చలికాలంలో ప్రయాణాలు, ఆత్మకథలు. మనం దుప్పట్లో ఉండి ఇంకొకడు కొండలెక్కుతుంటే చూడటం హాయిగా ఉంటుందని ఆయన లెక్క. మొదటి వాన పడ్డ రోజు అన్నం మాట కూడా మర్చిపోయి అర మార్చేవారు. ఆ రోజు నేను ఎన్ని పిలుపులు పిలిచినా ఉలుకూ పలుకూ ఉండేది కాదు. ఇలాంటి మనిషిని కట్టుకున్నందుకు నన్ను నేనే తిట్టుకుంటూ కంచం మీద మూత పెట్టేదాన్ని.

అరలో ప్రతి పుస్తకంలోనూ ఒక చీటీ ఉండేది. పార్సిళ్ళకి చుట్టి వచ్చే గోధుమరంగు కాగితాన్ని అరచెయ్యంత ముక్కలుగా కత్తిరించి, సొంత చేత్తో రాసేవారు. ముందువైపు ఆ పుస్తకం ఎందుకు చదవాలో నాలుగు ముక్కలు. అది ఏ కొట్టువాడైనా చెబుతాడు. వెనకవైపు ఎవరు చదవకూడదో రాసేవారు. "పెళ్ళి కుదిరినవాళ్ళు ఆరు నెలలు ఆగండి." "ఉద్యోగం మానేద్దామా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్ళు ముట్టుకోవద్దు, మానేస్తారు." "తండ్రితో మాటల్లేనివాళ్ళు చదవొద్దు, లేదా ఇవాళే చదవండి." వచ్చినవాళ్ళు ముందు వెనకవైపే తిప్పి చూసేవారు. ఒకాయన పుస్తకాలేవీ కొనకుండా, నలభై చీటీలూ చదువుకుని, నవ్వుకుంటూ వెళ్ళిపోయేవాడు. నాకు ఒళ్ళు మండేది. మా ఆయన మాత్రం ఆయనకి టీ కూడా ఇమ్మనేవారు.

ఆఖరి పేజీ దాకా తను చదవని పుస్తకం గురించి ఆయన నోరు విప్పరు. ఊరంతా విరగబడి కొంటున్న పుస్తకమైనా సరే, ఎవరైనా ఎలా ఉందని అడిగితే "నేను చదవలేదండీ" అనేసి ఊరుకునేవారు. కాస్త బాగుందని చెబితే మీ సొమ్మేం పోయిందని దెబ్బలాడేదాన్ని. చదవలేదన్న మాట నిజమైతేనే చదివానన్న మాటకి విలువుంటుంది అనేవారు. అంత పెద్ద పెద్ద కొట్లుండగా, ఆ రైలుపెట్టెలోకి జనం వచ్చింది ఆ ఒక్క మాట కోసమే.

నాలుగేళ్ళ కిందట ఆయన చూపులో మచ్చ మొదలైంది. చూపు మధ్యలో మచ్చ. చుట్టూ ఉన్నది కనిపిస్తుంది, సూటిగా చూసింది కనిపించదు. "నేను చూసిందొక్కటీ కనిపించదోయ్, మిగతా ప్రపంచమంతా బాగానే ఉంది" అని మొదట్లో నవ్వేవారు. భూతద్దం తెచ్చుకున్నారు, తర్వాత ఇంకా పెద్దది తెచ్చుకున్నారు. ఏడాది తిరక్కుండానే పేజీకి గంట పట్టేది. ఆ తర్వాత అదీ లేదు.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. కొట్లో ఏ పుస్తకం ఎక్కడుందో చేతులకి తెలుసు. వచ్చినవాళ్ళు ఎవరో చెప్పుల చప్పుడుకే తెలుస్తుంది. గొంతు వినగానే వాళ్ళు కిందటిసారి ఏం పట్టుకెళ్ళారో గుర్తొచ్చేస్తుంది. పక్కనున్న కళ్ళజోళ్ళ ఆయనకే తెలియదంటే చూసుకోండి. తెలిస్తే ఎవరొస్తారు, చదవలేనివాడి దగ్గరికి పుస్తకం అడగటానికి ఎవరొస్తారు అన్నారు ఒకసారి. ఆ మాట మామూలుగానే అన్నారు.

అందుకని నేను చదవడం మొదలుపెట్టాను. మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగింటి దాకా కొట్లోకి ఎవరూ రారు. కర్టెన్ వెనక ఆయన ఒక కుర్చీలో, నేనొక కుర్చీలో. నేను చదువుతుంటే ఆయన ఊ కొట్టేవారు, చిన్నపిల్లలు కథ వింటూ కొట్టినట్టు. ఊ ఆగిందంటే నేనూ ఆగాలి, ఏదో ఆలోచిస్తున్నారన్నమాట. మళ్ళీ ఊ వస్తే మళ్ళీ మొదలు. చీటీలు కూడా ఆయన చెప్తుంటే నేనే రాసేదాన్ని. ఆయన దస్తూరీని అనుకరించడం నేర్చుకున్నాను. ఆ గీతల్లో తేడా పట్టినవాళ్ళు లేరు.

నాకు ఓపిక తక్కువ. కొండలు, మబ్బులు, ఇంటి ముందు పూలు, ఇలాంటివి వరసగా పేజీ నిండా వస్తే కన్ను దానంతటదే కిందికి జారిపోయేది. మొదట్లో పట్టేసుకునేవారు. "మధ్యలో ఏదో మింగేశావు. ఆవిడ మెట్ల మీదుంది, వంటింట్లోకి ఎప్పుడొచ్చింది?" మళ్ళీ వెనక్కి వెళ్ళి చదవాల్సి వచ్చేది. నవ్వుకునేవాళ్ళం. అలా దొరికిపోయీ దొరికిపోయీ చివరికి దొరక్కుండా దాటేయడం నేర్చుకున్నాను. నాలుగు పేరాలు వదిలేసి, అతుకు కనపడకుండా మధ్యలో ఒక వాక్యం నా సొంతది వేసేదాన్ని. ఇన్నేళ్ళు ఫోన్లు కలిపినదాన్ని, అతుకులు వేయడం నాకు పెద్ద పనేం కాదు. లోపల్లోపల కాస్త గర్వంగా కూడా ఉండేది. ఆ గర్వమే నన్ను ముంచింది.

కిందటి చలికాలం పెద్దాసుపత్రిలో కంటి డాక్టరు ఇక చెయ్యగలిగిందేమీ లేదని చెప్పేశాడు. ఆటో దిగి ఇంటి మెట్లెక్కుతూ ఈయన, "అక్షరం పోయాక నేనెందుకోయ్" అన్నారు. ఆ రోజు నుంచి మేడ మీదికెళ్ళే తలుపు తాళంచెవి నా కొంగుకే కట్టుకుని తిరిగాను. ఆయన గమనించారో లేదో తెలియదు. భయపడ్డాను, అంతే. ఇంతకన్నా వేరే మాట లేదు.

ఎండలు ముదిరిన రోజుల్లో, రాబోయే వానాకాలం అర కోసం ఒక నవల మొదలుపెట్టాం. ఒక నేతగాడి కథ. బాగుంది, నాకే బాగుంది. నాలుగువందల పేజీల పుస్తకంలో నేను కొండల్ని కూడా వదలకుండా చదివానంటే మీరే అర్థం చేసుకోవచ్చు. కథ చివరికొచ్చేసరికి ఆ నేతగాడికి చూపు మందగించడం మొదలైంది. నాకు ఎక్స్ఛేంజీ అలవాటు, నోరు ఒక వరస మీద ఉంటే కళ్ళు నాలుగు వరసలు ముందుంటాయి. పేజీ తిప్పేసరికి కనిపించింది. మగ్గం మీద దారం కనిపించని ఆ మనిషి తెల్లారుజామున లేచి, చెప్పులు గుమ్మంలో విడిచి, ఏట్లోకి నడుచుకుంటూ వెళ్ళిపోతాడు. పన్నెండు పేజీలు. ఆ నీళ్ళు మోకాళ్ళ దాకా, నడుం దాకా, అంతా రాశాడు.

ఎదురుగా మా ఆయన కళ్ళు మూసుకుని ఊ కొడుతున్నారు.

నేను పన్నెండు పేజీలు తిప్పేసి, గొంతు మారకుండా, "ఆ చలికాలమే అతను నిద్రలో పోయాడు" అన్నాను. ఆ తర్వాత మిగిలిన రెండు పేజీలు చదివేశాను. ఆయన చాలా మెల్లగా, "ఎంత బాగా ముగించాడు. చూపు పోయినవాడికి పెద్ద చావేమీ పెట్టకుండా, మామూలుగా నిద్రలో పంపించాడు" అన్నారు. ఆయన మొహంలో ఎన్నో నెలల తర్వాత వెలుగు చూశాను. చేసింది మంచిపనే అనుకున్నాను.

చీటీ రాయమన్నారు. ముందువైపు రాశాను. వెనకవైపు ఏం రాయమంటారని అడిగితే, ముప్ఫై ఏళ్ళలో ఎప్పుడూ చెప్పని మాట చెప్పారు. "ఎవరైనా చదవొచ్చు." రాశాను. నా చేత్తోనే, ఆయన దస్తూరీలో.

ఇక్కడ లెక్కల టీచరమ్మ సంగతి చెప్పాలి. మా వీధి చివర స్కూల్లో లెక్కలు చెబుతుంది. మూడేళ్ళ కిందట ఆమె భర్త ఒక సాయంత్రం ఇంట్లోంచి బయల్దేరి కాలవలోకి నడిచి వెళ్ళిపోయాడు. ఎందుకో ఎవరికీ తెలియదు. మూడు నెలల తర్వాత ఆమె కొట్టుకొచ్చి, "నిద్ర పట్టడం లేదు అన్నయ్యగారూ, ఏదైనా ఇవ్వండి" అంది. అప్పట్నుంచి కాలం మారినప్పుడల్లా వచ్చి ఒక పుస్తకం పట్టుకెళ్ళేది. ఆమెకివ్వాల్సిన పుస్తకం గురించి మా ఆయన పడ్డ తిప్పలు నేనెరుగుదును. పుస్తకంలో ఎక్కడా చెరువు, ఏరు, నుయ్యి ఉండకూడదు. "ఇందులో నీళ్ళున్నాయా?" అని నన్ను మళ్ళీ మళ్ళీ అడిగి, లేవంటేనే తీసి పక్కన పెట్టేవారు. ఆమెకిచ్చే చీటీ కూడా వేరేగా రాయించేవారు.

వానలు మొదలైన వారంలో మా చెల్లెలికి కాలు విరిగితే నాలుగు రోజులు వాళ్ళింట్లో ఉన్నాను. ఆ నాలుగు రోజుల్లోనే టీచరమ్మ వచ్చింది. మా ఆయన నేతగాడి నవల తీసి ఆమె చేతిలో పెట్టారు. ఎందుకని ఆ పుస్తకమే ఇచ్చారో తర్వాత చెప్పారు. "ఒక మనిషి మామూలుగా నిద్రలో పోవడం ఆమె ఒక్కసారి చదవాలనిపించిందోయ్." నేనుంటే ఆపేదాన్ని. ఆపేదాన్ననే అనుకుంటాను.

పదిరోజుల తర్వాత, మధ్యాహ్నం జోరుగా వాన పడుతుండగా వచ్చింది. గొడుగు బయట పెట్టి, పుస్తకాన్ని చీర కొంగుతో తుడిచి, బల్ల మీద పెట్టింది. నేను కర్టెన్ పక్కన నిలబడి ఉన్నాను. ఆమె గొంతు పెంచలేదు.

"అన్నయ్యగారూ, ఇది మీరు చదివే ఇచ్చారా?"

మా ఆయన నవ్వుమొహంతో, "చదవకుండా ఎప్పుడైనా ఇచ్చానా అమ్మా?" అన్నారు.

"అదే అడుగుదామని వచ్చాను. మూడువందల తొంభయ్యో పేజీ దగ్గర ఆపేశాను. నీళ్ళు అతని నడుం దాకా వచ్చేసరికి ఇక చదవలేకపోయాను." చీటీ తీసి, వెనకవైపు పైకి పెట్టి, పుస్తకం మీద ఉంచింది. "ఎవరైనా చదవొచ్చు అన్నారు. ఆ ఎవరైనాలో నేను లేనేమో."

ఆయన మొహం తెల్లగా పాలిపోయింది. నాకేసి తిరిగారు, నేనెక్కడున్నానో చూపుకి అందకపోయినా సరిగ్గా నాకేసే తిరిగారు. పన్నెండు పేజీలకి అతుకు వేసిన నోరు, ఒక్క మాట అనలేకపోయింది. ఆయన టీచరమ్మ వైపు తిరిగి, "తప్పు నాదేనమ్మా" అన్నారు. కళ్ళ సంగతి అప్పుడూ చెప్పలేదు. ఆమె తలూపి, గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది.

కొట్టు తలుపు మూసెయ్యమన్నారు. కర్టెన్ వెనక కుర్చీలో కూర్చున్నారు. "చదువు" అన్నారు. ఆ పన్నెండు పేజీలూ చదివాను. ప్రతి వాక్యానికీ ఊ కొట్టారు, ఏట్లో నీళ్ళు అతని గొంతు దాకా వచ్చినప్పుడు కూడా. అంతా అయ్యాక, "నాకోసం వదిలేశావు" అన్నారు. అవునన్నాను. కోప్పడతారని చూశాను. కోప్పడితే బాగుండేది.

"ఇంకా వేటిలో ఏమేం వదిలేశావు?"

మూడేళ్ళు. వందకి పైగా పుస్తకాలు. కొండలు వదిలేశాను, మబ్బులు వదిలేశాను, ఒక పుస్తకంలో తల్లీకూతుళ్ళ పోట్లాట మా అమ్మని గుర్తుచేస్తుంటే అదంతా వదిలేశాను, ఇంకోదాంట్లో కోర్టు వ్యవహారం అర్థంకాక వదిలేశాను. ఏవి ఎందులోవో నాకే గుర్తులేదు. అదే చెప్పాను. ఆయన లేచి కాలం అర దగ్గరికి వెళ్ళి, పుస్తకాలన్నిట్లోంచి చీటీలు లాగడం మొదలుపెట్టారు. "ఇందులో నీ చేతివేవో నువ్వే చెప్పాలి. నాకు కనపడదు" అన్నారు. వేరు చేసి ఇచ్చాను. ఆయన రాసినవి ఆరు మిగిలాయి. నావి ముప్ఫై నాలుగు.

నేను ఊరుకోలేక మర్నాడు టీచరమ్మ ఇంటికెళ్ళాను. చిన్న ఇల్లు, వరండాలో పరీక్ష పేపర్ల కట్టలు, దండెం మీద ఒక్కరి బట్టలు. గుమ్మంలోనే నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన తప్పేం లేదమ్మా, ఆయనకి అక్షరం కనిపించదు, చదివింది నేను, వదిలేసింది నేను అన్నాను. ఆమె చివరిదాకా విన్నది. ఆయన మీద మనసు కరుగుతుందనే చెప్పాను. ఆమె తలుపు పట్టుకుని, లెక్క ఎక్కడ తప్పిందో వెతుకుతున్నట్టు నాకేసి చూసింది.

"అయితే ఈ రెండేళ్ళూ నాకు పుస్తకాలిచ్చింది ఎవరండీ?" అంది.

ఆమె తలుపు మెల్లగా వేసుకుంది. మళ్ళీ మా కొట్టుకి రాలేదు. వీధిలో ఎదురుపడితే తలూపుతుంది, అంతే.

వెళ్ళి చెప్పొచ్చానని ఆయనతో అన్నాను. ఎవరికీ చెప్పొద్దని నాలుగేళ్ళు దాచుకున్న మనిషి, "అలాగా" అని మాత్రం అన్నారు. నాకు తెలిసి టీచరమ్మ ఎవరితోనూ అనలేదు. అనాల్సిన పనే లేకపోయింది. ఆ వారం నుంచి కొట్లోకి ఎవరొచ్చి ఏ పుస్తకం చూపించినా, ఆయనది ఒకటే మాట. "నేను చదవలేదండీ." ఇరవై ఏళ్ళప్పుడు చదివి, పేజీలకి పేజీలు నోటికొచ్చిన పుస్తకాలకి కూడా అదే. చీటీల కోసం వచ్చే ఆ నవ్వులాయన ఒకరోజు పాత పుస్తకం ఒకటి తీసి, "ఇది మీరే కదండీ నాకు చెప్పింది, పదిహేనేళ్ళ కిందట?" అన్నాడు. "చదివానని అనుకుని ఉంటానండీ" అన్నారు మా ఆయన. ఆయన టీ తాగకుండానే వెళ్ళిపోయాడు.

జనం తగ్గారు. తగ్గరా మరి. వానలు వెళ్ళిపోయి చలి మొదలై నెలన్నరైంది. కాలం అరలో ఇంకా వానాకాలం నవలలే ఉన్నాయి, చీటీలు లేకుండా, పైన సన్నగా దుమ్ము. మార్చమంటారా అని రెండుసార్లు అడిగాను. చలికాలం పుస్తకాలు ఏ మూలనున్నాయో నాకూ తెలుసు. నలభై పుస్తకాలు మోసుకురావడం నాకో లెక్క కాదు. కానీ ఆయన చెయ్యి పడని అరని నేను సర్దడం ఇంకో అతుకు వేసినట్టవుతుంది. ముట్టుకోలేదు.

మధ్యాహ్నం రెండింటికి మాత్రం కర్టెన్ వెనక కూర్చుంటాం. ఆయన వద్దనలేదు, కావాలనీ అనలేదు. నేనే మొదలుపెట్టాను. ఇప్పుడు అక్షరం వదలను. ప్రెస్సు పేరు, ఎన్నో ముద్రణో, ఎవరికి అంకితమో, అన్నీ చదువుతాను. కొండలొస్తే కొండలు, మబ్బులొస్తే మబ్బులు. వాక్యం వాక్యానికీ ఊ కోసం ఆగుతాను. రాదు. కళ్ళు తెరిచే ఉంటాయి, గోడకేసి. నిద్రపోయారా అని చూస్తే లేదు. కాసేపాగి నేనే మళ్ళీ అందుకుంటాను.

నిన్న ఒక పని చేశాను. చదువుతూ చదువుతూ కావాలనే ఒక పేజీ మొత్తం వదిలేశాను. అతుకు వెయ్యలేదు. కిందటి పేజీలో అడవిలో తప్పిపోయిన పిల్ల, ఈ పేజీలో పెళ్ళిపీటల మీద ఉంది. చెవిటివాడైనా పట్టేసుకోవాలి. మధ్యలో ఏదో మింగేశావు అంటారని ఆగాను. ఆయన ఏమీ అనలేదు.

వెనక్కి తిప్పి ఆ పేజీ చదివాను. మొదటి మాట నుంచి చివరి మాట దాకా, గట్టిగానే చదివాను. వింటున్నది నేనొక్కదాన్నే.